లాగ తీసేస్తే మెటాఫర్

రాయగడ నుంచి ఫోను వచ్చేసరికి నేను దామంజోడి స్కూల్లో తొమ్మిదో తరగతికి పర్సనిఫికేషన్ చెబుతున్నాను. క్లాసులో ఫోను తియ్యను. కానీ పెద్దమ్మ పేరు కనబడి వరండాలోకి వచ్చాను. ఆవిడ పగటిపూట ఎప్పుడూ ఫోను చెయ్యదు.

"సెల్లి ఎల్లిపోనాదమ్మి," అంది. "తెల్లారి టీ ఇద్దామని లేపితే లెగలేదు. నిద్దట్లోనే. ఏ బాదా పడలేదు."

పెద్దమ్మ అంటే మా మేడంగారి అక్క. నాకు చుట్టం కాదు. కానీ మేడం దగ్గర ట్యూషన్ చదివిన వాళ్ళందరికీ ఆవిడ పెద్దమ్మే. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక సందులో, రేకుల వరండా ఉన్న ఇంట్లో ఒకరికొకరు తోడుగా బతికారు.

నేను మళ్ళీ క్లాసులోకి వెళ్ళి పాఠం పూర్తి చేశాను. పాఠం సగంలో వదిలేస్తే మేడంకి పడదు. పిల్లలు సగం అర్థంతో ఇంటికెళ్ళడం కన్నా ఏమీ అర్థం కాకుండా వెళ్ళడమే నయం అనేది. తర్వాత సెలవు చీటీ రాసిచ్చి మధ్యాహ్నం రైలెక్కాను. రైలు సొరంగాల్లో దూరుతూ, టికిరి దాటి కిందికి దిగుతున్నంతసేపూ ఆవిడ వేలే కళ్ళ ముందు కనిపించింది.

ఆ వేలి సంగతి చెప్పాలి. మేడంతో ఎక్కడికి వెళ్ళినా, ఎవరైనా ఒక మంచి మాట అంటే చాలు, ఆవిడ నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగిపోయేది. కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, "పట్టేను" అనేది. చేప దొరికినవాళ్ళు అన్నట్టే అనేది. ఒకసారి సంతకి తోడు వెళ్ళాను. చింతపండు అమ్ముకునే ముసలావిడ, ఈ ఏడు చింతచెట్టు మామీద అలిగింది, కాయలే ఇవ్వలేదు అని కొండ ఊళ్ళ భాష దేశియాలో వాపోయింది. మేడం ఆగింది. వేలెత్తింది. "పట్టేను. పర్సనిఫికేషన్." ఒక వేలు చూపించిందంటే ఒక కిలో అడిగిందనుకుని ముసలావిడ తూచేసింది. మేడం బేరమాడకుండా తీసుకుంది. ఆ చింతపండు చూసి పెద్దమ్మ పెట్టిన చీవాట్లు వరండాలో ఉన్న మాకందరికీ వినిపించాయి.

మేడం పొట్టి మనిషి. నూలు చీర, తెల్లబడిన జుట్టుకి చిన్న ముడి, మెడలో సన్నటి శిలువ. ఆడపిల్లల హైస్కూల్లో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ప్లస్‌టూ, అంటే ఇంటర్ పిల్లలకీ డిగ్రీ పిల్లలకీ ఇంటి దగ్గరే చెప్పేది. మాకు ఇంగ్లీషు పేపర్లో పద్యాల ప్రశ్నలుండేవి. అందులో ఏ అలంకారం ఉందో గుర్తుపట్టమనేవారు. బజార్లో దొరికే గైడులో సిమిలీ, మెటాఫర్, ఎలిటరేషన్ అని వరసగా నిర్వచనాలుండేవి. మేము వాటిని వల్లెవేసి, పరీక్ష హాల్లో ఒకదాని బదులు ఒకటి రాసి వచ్చేవాళ్ళం.

మేడం గైడు తెరవనిచ్చేది కాదు. "మనిషిని చూసేక పేరడుగుతాం గాని, పేరు విని మనిషిని ఊహించుకుంటామేటి?" అనేది. ముందు మాట, తర్వాత పేరు, అన్నిటికన్నా ఆఖర్న నిర్వచనం. మాట ఏ భాషలో తెచ్చినా సరే. ఒడియా, తెలుగు, దేశియా, హిందీ, ఏదైనా తీసుకునేది. పేరు మాత్రం ఇంగ్లీషులో, స్పెల్లింగు తప్పు లేకుండా ఉండాలి.

"లాగ ఉంటే సిమిలీ. లాగ తీసేస్తే మెటాఫర్. మా అక్క పులిలాగుంటాది, ఇది సిమిలీ. మా అక్క పులి, ఇది మెటాఫర్." ఈ మాట వంటింట్లోకి వినబడేంత గట్టిగా చెప్పేది. లోపల్నించి గిన్నె చప్పుడొకటి వచ్చేది. "అది ఆనొమెటోపియా, చప్పుడే మాట," అని మేడం మా వైపు తిరిగేది.

వాన పడితే పాఠం ఆపేసి రేకుల మీద చప్పుడు వినమనేది. ఇంగ్లీషులో చినుకు చప్పుడుకి నాలుగు మాటలుంటే ఎక్కువ, మనకి టపటప, జలజల, చిటపట, బొటబొట ఎన్నెన్నో ఉన్నాయి, ఈ ఒక్క విషయంలో మనం గొప్పింటివాళ్ళం అని మురిసిపోయేది. ఛందస్సు దగ్గరికి వచ్చేసరికి మాకు దిగులు పట్టుకునేది. మేడం బల్ల మీద దరువు వేసి చూపించేది. మన పద్యం అక్షరం పొడుగు చూస్తుంది, ఇంగ్లీషు పద్యం బరువు చూస్తుంది, అంతే తేడా అనేది. మేము పోలీస్ అనే మాటని ముందు నొక్కి పలికేవాళ్ళం. "బరువు ముందు పెట్టేసేవమ్మి. ఎనక్కి జరుపు," అనేది. మూట సర్దుకోమని చెప్పినట్టుండేది.

నేను ఆవిడ దగ్గరికి చేరింది ప్లస్‌టూ రెండో ఏడు మధ్యలో, టెస్టులో ఇంగ్లీషు తప్పాక. మా నాన్న మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో పనిచేసేవాడు. తెల్లవారకముందే పొడుగాటి ఇనప తాళంచెవితో వీధి వీధికీ వాల్వులు తిప్పడం ఆయన పని. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. కాలేజీలో నా ఒడియాకి నవ్వేవారు, పార్వతీపురం చుట్టాలు నా తెలుగుకి నవ్వేవారు, ఇంక ఇంగ్లీషులో నోరే తెరిచేదాన్ని కాదు. ఏ క్లాసులోనైనా వెనక బెంచీలోనే కూర్చునేదాన్ని.

మొదటి రోజే మేడం నన్ను లేపింది. "మీ నాన్నకి కోపమొస్తే ఏటంటాడమ్మి?"

అందరూ నా వైపు తిరిగారు. చెప్పక తప్పలేదు. "ఒల్లు సీరేస్తానంటాడండి."

"ఎప్పుడైనా సీరేసేడా?"

"లేదండి. కాసేపుండి అన్నం తిన్నావా అనడుగుతాడు."

"హైపర్‌బోలీ," అంది మేడం. "అతిశయోక్తి. మంచిది తెచ్చేవు. స్పెల్లింగు రాసుకో."

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాట కాదన్నట్టు అందరూ తలలు దించి రాసుకున్నారు. నా పక్కన కూర్చున్న సువర్ణ అనే అమ్మాయి తన పుస్తకంలో ఆ వాక్యాన్ని ఒడియా అక్షరాల్లో రాసి, కింద ఇంగ్లీషు పేరు రాసింది. పొట్టంగి దగ్గర కొండ మీది ఊరు ఆమెది. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ రోజు నుంచి మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మా ఇంట్లో అన్నాల దగ్గర నేను రోజూ ఆ పాఠాలు చెప్పేదాన్ని. అమ్మకీ నాన్నకీ ఇంగ్లీషు పేర్లు పట్టేవి కావు గాని, మాటలు దొరకబుచ్చుకోవడం సరదాగా ఉండేది. కలెక్టరాఫీసు ఒప్పుకోలేదు అంటాం, ఆఫీసుకి నోరుంటుందా, లోపలి మనుషుల్ని అనే బదులు భవనం పేరు అంటున్నాం, అదే మెటానిమీ అని చెబితే నాన్న చాలాసేపు ఆలోచించి, అయితే మా ఆఫీసులో రోజంతా అదే భాష అన్నాడు.

పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా ఆ సాయంత్రం వచ్చింది. మేడం ఐరనీ చెబుతోంది. చేతిలోంచి చాక్‌పీసు జారి పడింది. వంగి తీసుకోబోయింది, వేళ్ళకి అందలేదు. నిటారుగా లేచి మా వైపు చూసి, "ఆ ఉప్పు ఇలా ఇవ్వండి," అంది.

మేము అది పాఠమే అనుకున్నాం. చాక్‌పీసుని ఉప్పు అందంటే ఇందులో అలంకారం ఏమిటా అని నేను ఆలోచిస్తున్నాను. సువర్ణ రాసుకుంటోంది కూడా. మేడం మళ్ళీ ఉప్పు అంది. ఇంకేదో అంది. అది ఏ భాషా కాదు. మూతి ఒక పక్కకి లాగేసింది.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి ఆవిడ ముఖం చూసింది. రెండు చేతులూ ఎత్తమంది. ఒకటే లేచింది. "ఆటో పిలండి," అంది పెద్దమ్మ. కేకలెయ్యలేదు, ఏడవలేదు. ఆ గొంతుతోనే ఆవిడ ఎన్నో ఏళ్ళు వార్డులు నడిపి ఉంటుంది. ఆ రోజే విశాఖపట్నం తీసుకెళ్ళారు.

ప్రాణం దక్కింది. నెల లోపే ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. ఎవరేం చెప్పినా అర్థమవుతోంది, కానీ వస్తువుల పేర్లు, మనుషుల పేర్లు పోయాయి. ట్యూషన్ మూసేశామని పెద్దమ్మ అందరికీ కబురు చేసింది. సువర్ణా నేనూ చూసి వద్దామని వెళ్ళాం.

మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. మమ్మల్ని చూసి తల తిప్పేసుకుంది. అంతమందికి మాటలు చెప్పిన మనిషి, మా ముందు మాట రాకుండా ఉండడం సిగ్గుగా అనిపించిందేమో. పెద్దమ్మ మంచం పక్కన రంగు బొమ్మల కార్డులు పెట్టుకుని కూర్చుంది. మాటలు మళ్ళీ నేర్పే డాక్టరమ్మ ఇచ్చినవట. కప్పు, గొడుగు, ఆపిల్. ఒక్కొక్కటీ చూపించి పేరు చెప్పించాలి. మేడం వాటి వైపు చూడటం లేదు.

కాసేపటికి ఆవిడకి దాహం వేసినట్టుంది. బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపు ఎడమచెయ్యి చూపించి పెదాలు కదిపింది. చాలాసేపటికి, "వాన," అంది. మళ్ళీ కష్టపడి, "చిన్న... వాన."

"నీలు అను," అంది పెద్దమ్మ. "నీలు. గ్లాసుతో నీలు." మేడం కళ్ళు మూసుకుంది.

అప్పుడు సువర్ణ చూపుడువేలు పైకెత్తింది. తెలుగు సరిగ్గా రాని పిల్ల, మేడం ఎప్పుడూ అనే మాటనే అచ్చం ఆవిడ లాగే అంది.

"పట్టేను, మేడం. మెటాఫర్."

నాకు భయం వేసింది. ఆ సమయంలో అనే మాటేనా అది అనిపించింది. పెద్దమ్మ కూడా కోపంగా తలెత్తింది. మేడం కళ్ళు తెరిచి సువర్ణని చూసింది. బాగున్న పక్క పెదవి కొంచెం పైకి లేచింది. తర్వాత ఒక్క అక్షరమైనా తడబడకుండా అంది.

"మెటాఫర్."

జబ్బు చేశాక ఆవిడ నోట్లోంచి స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. పెద్దమ్మ కార్డులు ఒళ్ళోంచి జారిపోయి నేల మీద పడ్డాయి. వాటిని ఎవరూ ఏరలేదు.

మర్నాటి నుంచి మేమిద్దరం రోజూ వెళ్ళాం. ఎలా మొదలైందో తెలియదు గాని అదొక క్లాసు అయిపోయింది. ఆవిడ తనకి తోచినట్టు ఒక మాట అనేది. మేము అది ఏ అలంకారమో చెప్పేవాళ్ళం. ఆ ఇంగ్లీషు పేరు ఆవిడ అందుకునేది. దాని వెనకాలే ఒక్కోసారి అసలు మాట కూడా వచ్చేసేది. ఫ్యాన్‌ని చూపించి మూడు చేతులవాడు అంది. పర్సనిఫికేషన్ అన్నాం. ఆవిడ తలూపి, పర్సనిఫికేషన్ అని, కాసేపటికి ఫ్యాన్ అంది. కుక్కర్ని సుయ్‌సుయ్ అంది, అది ఆనొమెటోపియా. గుమ్మంలో మా చెప్పుల చప్పుడు వింటే, కాళ్ళొచ్చాయి అనేది. మనిషిలో ఒక భాగం చెప్పి మొత్తం మనిషిని అనడం అది, సినెక్డకీ. స్పెల్లింగు మాకు రాకపోతే విసుక్కుని ఎడమచేత్తో గాల్లో రాసి చూపించేది. పెద్దమ్మ పేరు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆవిడని తెల్లచీర అనేది. నర్సు కదా, మెటానిమీ.

"నేను రిటైరై ఎన్నేల్లయింది. ఇంకా తెల్లసీరేనా?" అని పెద్దమ్మ బాధపడేది.

నేను ఇదంతా ఇంట్లో చెప్పేదాన్ని. మేడం అక్కగారిని తెల్లసీర అంటున్నారంటే అమ్మా నాన్నా నవ్వి, అంతలోనే అయ్యో అనుకునేవారు.

పెద్దమ్మకి ఈ పద్ధతి నచ్చలేదు. ఒకరోజు మమ్మల్ని గేటు దాకా సాగనంపుతూ ఆగింది. మీరు మంచి పిల్లలే, మీరొస్తే దాని మొహం వెలుగుతోంది, నాకు తెలుసు అంది. కానీ డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి అంది.

"గ్లాసుని గ్లాసనాలమ్మి. మీరు అడ్డదారి అలవాటు సేసేస్తన్నారు. రేపు నాకేదైనా అయితే అది ఎవర్ని ఏటని పిలుస్తాది? తెల్లసీర, మూడు సేతులోడు అంటే పక్కింటోల్లకేటి అర్దమవుద్ది?"

రేపట్నించి రావద్దు అంది. చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సువర్ణ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నేను ఇంట్లో గైడు తెరిచి కూర్చున్నాను గాని ఒక్క వాక్యం ఎక్కలేదు. పరీక్ష దగ్గర పడుతోందన్న భయం ఒకపక్క. అక్కడ ఆ మంచం మీద ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుని ఉంటుందేమో అన్న దిగులు ఇంకోపక్క.

ఓ వారం గడిచి ఉంటుంది. పొద్దున్న నాన్న డ్యూటీ నుంచి రావలసిన వేళకి రాలేదు. బాగా ఎండెక్కాక వచ్చాడు. చొక్కా అంతా చెమట. నీళ్ళు తాగి, నా వైపు చూసి, నెమ్మదిగా జరిగింది చెప్పాడు.

చర్చి వెనక సందు మొదట్లో వాల్వు తిప్పుతుంటే ఒక ఆడమనిషి గొంతు వినిపించిందట. తెల్లచీర పడింది, తెల్లచీర పడింది అని. చూస్తే మేడం. మంచం దిగి, గోడ పట్టుకుని, గేటు దాకా ఒక్కతే వచ్చేసింది. ఎడమచేత్తో గేటు కొడుతోంది. పాలు పోసే ఒడియా ఆయన సైకిలు ఆపి, దండెం వైపు చూశాడు. దండెం మీద నిజంగానే ఒక తెల్లచీర ఆరేసి ఉంది. చీర పడలేదమ్మా, ఇదుగో దండెం మీదే ఉంది అని ఆయన ఒడియాలో నచ్చజెబుతున్నాడు. మేడం తల అడ్డంగా ఊపుతోంది, గేటు కొడుతోంది, అదే మాట. ఆ మాట తప్ప ఇంకోటి లేదు ఆవిడ దగ్గర.

"నేను కూడా ముందర సీరే అనుకున్నానమ్మి," అన్నాడు నాన్న. "అప్పుడు గేపకమొచ్చింది. నువ్వు అన్నాల కాడ సెప్పేవు కదా, తెల్లసీరంటే ఆ అక్కగారని. తాలంసెవి అక్కడే పడేసి లోపలికి పరిగెట్టేను."

పెద్దమ్మ వంటింటి నేల మీద పడి ఉంది. ఆవిడకి షుగరు. చెల్లెలి సేవలో పడి సూది చేసుకుని తినడం మర్చిపోయిందో ఏమో, షుగరు పడిపోయింది. నాన్నా పాలాయనా కలిసి ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. మేడం కూడా ఎక్కి కూర్చుంది, ఎంత చెప్పినా దిగలేదట. సెలైను ఎక్కించాక పెద్దమ్మ కళ్ళు తెరిచింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారట డాక్టరు.

సాయంత్రం నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి నాన్న మళ్ళీ వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. మేడం స్టూలు మీద కూర్చుని అక్క చెయ్యి పట్టుకుని ఉంది. సందంతా చీర అనుకుంటే మీకెలా తెలిసింది బాబూ అని పెద్దమ్మ నాన్ననడుగుతోంది.

"మా అమ్మి సెప్తాదండి ఇంటికాడ. తెల్లసీరంటే మీరేనని. దానికేదో ఇంగ్లీసు పేరు కూడా ఉందట," అని నాన్న నా వైపు చూశాడు.

నేను చెప్పబోయాను. కానీ స్టూలు మీంచి మేడం అందుకుంది. "మెటానిమీ." తర్వాత అక్క ముఖంలోకి చూసింది. పెదాలు దేని కోసమో వెతికాయి. చాలాసేపు పట్టింది. మేమెవరం అందించలేదు. "అక్క," అంది.

పెద్దమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నాన్న నా భుజం తట్టి బయటికి తీసుకొచ్చేశాడు.

ఇల్లు చేరిన మర్నాడే పెద్దమ్మ నాన్న చేత కబురు పంపింది. పిల్లల్ని మళ్ళీ రమ్మను, కార్డులూ ఉంటాయి, వాళ్ళ ఆటా ఉంటుంది అని. డాక్టరమ్మకి ఫోను చేసి జరిగింది చెబితే, ఏ మాట పట్టుకుని ఇంకో మాట దొరికితే అదే మంచి దారి, ఆపకండి అందట. ఇది చెబుతున్నప్పుడు పెద్దమ్మ గొంతులో ఓడిపోయానన్న భావమేమీ లేదు. మందు పని చేసిందని చెప్పే నర్సు గొంతులాగే ఉంది.

ఇంగ్లీషు గట్టెక్కింది నాకు. సువర్ణకి నాకన్నా చాలా మంచి మార్కులొచ్చాయి. డిగ్రీలో మేమిద్దరం ఇంగ్లీషే తీసుకున్నాం. అప్పటికి మేడం మెల్లగా వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చునేది. ట్యూషన్ మళ్ళీ మొదలైంది. మాటలు పూర్తిగా ఎప్పటికీ తిరిగి రాలేదు. వాక్యం మధ్యలో ఆగిపోయేది. ఎడమచేత్తో బోర్డు మీద రాసే అక్షరాలు ఒకటో తరగతి పిల్లలవిలా పెద్దవిగా, వంకరగా ఉండేవి. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు కొందరు ఒకటి రెండు రోజులు చూసి మానిపించేశారు. ఉన్నవాళ్ళు మాత్రం బాగా నేర్చుకున్నారు. ఆవిడకి మాట అందనప్పుడు వాళ్ళు వెతికి ఇవ్వాలి. వెతకడంలోనే వచ్చేది.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఒకరోజు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగాను. ఎప్పటి నుంచో నాలో ఉన్న ప్రశ్న. ఇవన్నీ చదువురాని వాళ్ళు కూడా అంటున్న మాటలే కదా మేడం, మళ్ళీ వీటికి పేర్లెందుకు, పేరు తెలిస్తే మనకేం ఒరుగుతుంది అన్నాను.

మేడం పెదాలు కదిపింది. చెప్పలేకపోతోందనుకుని, పోనీలెండి అన్నాను. చెయ్యెత్తి ఆగమంది. ఒక్కొక్క మాటా తవ్వి తీసుకున్నట్టు చెప్పింది.

"వైజాగులో... ఆస్పత్రిలో... నేనేటన్నా... పిచ్చి మాటలన్నారు. నేను కూడా... అదే అనుకున్నాను. నాకు పిచ్చి అని." చాలాసేపు ఆగింది. "ఆ పిల్ల... మెటాఫర్ అంది. అప్పుడు తెలిసింది. నా మాటకి పేరుంది. పేరున్నది... పిచ్చి కాదు."

అంత పొడుగు మాట ఆవిడ జబ్బు తర్వాత ఎప్పుడూ అనలేదు. అలిసిపోయి కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపటికి తనలో తనే నవ్వుకుని ఇంకో మాట కూడా అంది. "ఇదివరకు... ఎక్కువ మాటాడేసేదాన్ని."

నేను టీచరునయ్యాను. నా పిల్లల్లో నోరు విప్పని వాళ్ళు ప్రతి ఏడూ కొందరుంటారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో ఇంకోటి. మూడింటిలోనూ తప్పే అనుకుని తలొంచుకుని కూర్చుంటారు. వాళ్ళ నోట్లోంచి ఒక మాట జారగానే దాని పేరు చెబుతాను. ఆ పిల్లల వీపు నిటారుగా అవడం బల్ల దగ్గర నిలబడిన నాకు తెలిసిపోతుంది.

నేను రాయగడ చేరేసరికి పొద్దు వాలుతోంది. సువర్ణ అప్పటికే పొట్టంగి నుంచి బస్సులో వచ్చేసింది. అక్కడే తన కొండ మీది బడిలో పాఠాలు చెబుతోంది. నాన్న రిటైరయ్యాడు గాని, నీళ్ళ ట్యాంకరు రప్పించే పని ఆయనే చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే చర్చిలో ప్రార్థన చేసి, సమాధుల తోటలో ఆవిడని పడుకోబెట్టాం. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. బ్యాంకుల వాళ్ళు, నర్సులు, ఒక రైల్వే గార్డు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఆవిడ తమని ఏ మాట దగ్గర పట్టుకుందో ఒకరికొకరు చెప్పుకుని మధ్యమధ్య నవ్వారు కూడా.

ఆ మర్నాడు సాయంత్రం సువర్ణా నేనూ పెద్దమ్మతో వరండాలో కూర్చున్నాం. పరామర్శకి వచ్చిన వాళ్ళ కోసం తెచ్చిన అద్దె కుర్చీలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. గేటు దగ్గర నలుగురైదుగురు పిల్లలు వచ్చి నిలబడ్డారు. భుజాలకి సంచీలున్నాయి. మేడం దగ్గర ఈ ఏడు చదువుతున్న వాళ్ళు. లోపలికి రావాలో వద్దో తెలియక ఒకరినొకరు తోసుకుంటున్నారు. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయట. ఇంటి దగ్గర ఉండలేక వచ్చేశామని ఒక పిల్ల ఒడియాలో చెప్పింది.

నేను లేచి వాళ్ళని పంపించబోయాను. పెద్దమ్మకి రెండు రోజులుగా నిద్ర లేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, తను లేచింది. కర్ర ఆనించుకుంటూ వాకిట్లోకి వెళ్ళి అద్దె కుర్చీలు ఒక్కొక్కటీ బోర్డు వైపు తిప్పింది. సువర్ణ వెళ్ళి సాయం పట్టింది.

"కూకోండి," అంది పెద్దమ్మ. "ఏటి అర్దం కాలేదు మీకు?"

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. ఆ ఒడియా పిల్లే ధైర్యం చేసి, మీకు ఇంగ్లీషు పోయెట్రీ వచ్చా అనడిగింది.

"నాకొచ్చింది ఆస్పత్రి ఇంగ్లీసే," అంది పెద్దమ్మ. "కానీ మా సెల్లి ఇక్కడ సెప్తంటే వంటింట్లోంచి ఇన్నేల్లూ ఇన్నాను. మెటానిమీ దాకా నేను సెప్పగల్ను. ఆపైన ఈ అమ్మిలు సెప్తారు."

చాక్‌పీసు తీసుకుని, బోర్డు ముందు నిలబడి, ఆవిడ మొదటి అక్షరం రాసింది.